నాలుగో పద్ధతి

మా రాజలింగు లెక్కలో ప్రపంచంలో దేశాలు మూడే. రంగు టీవీ పద్ధతులు మూడు కాబట్టి. జర్మనీవాళ్లది పాల్, ఫ్రాన్సువాళ్లది సెకాం, అమెరికావాళ్లది ఎన్‌టీఎస్‌సీ. ఒకదాని రంగు ఇంకోదాంట్లో రాదు. బోధన్‌లో రేడియోలు బాగుచేసుకునే మనిషికి ఇదంతా ఎందుకని అడిగితే, "గిట్ల అడిగినోడే ఆఖరికి నా దుకాణానికొస్తడు" అనేవాడు.

డెబ్బై ఎనిమిదిలో గల్ఫు నుంచి సెట్లు రావడం మొదలైంది. ఏ సెట్టు కనబడినా వెనక్కి తిప్పి, పద్ధతి చదివి, సుద్దముక్కతో దాని వీపు మీద రాసేవాడు. రాసేదాకా ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడు. ఎవరు ఏడ్చినా ఉన్నదున్నట్టే చెప్పేవాడు. సెట్లతో ఆగక, ఆ జబ్బు మనుషులకూ పద్ధతులు అంటగట్టేదాకా పోయింది. ఆయన దుకాణం పక్కనే బట్టలు కుట్టుకునే నేను, మా తమ్ముడి సంబంధానికి ఆయన్ను వెంటబెట్టుకుపోయాను. పిల్ల తండ్రితో పది నిమిషాలు మాట్లాడి, "అమెరికా పద్ధతి. మనింట్ల బొమ్మ నిలువది" అని తేల్చాడు. సంబంధం తప్పిపోయింది.

ఒకరోజు ఎడపల్లి నుంచి భీమవ్వ కబురు పెడితే ఇద్దరం వెళ్లాం. ఆమె పెనిమిటి పోశన్న సౌదీలో మూడేళ్లు ఇటుకలు మోసి రంగు టీవీ కొని పంపాడు. వెదుర్లకు వెదుర్లు కట్టి ఏరియల్ ఎక్కించారు. వాడంతా వచ్చి కూచుంది. బొమ్మ వచ్చింది, నలుపు తెలుపులో.

"సౌదీ సేటు పోశన్నకు టోపీ పెట్టిండు" అన్నాడు పక్కింటి ముత్యం.

భీమవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఆయన గంత తెల్వనోడా, రాజలింగన్నా?"

రాజలింగు సెట్టు వెనక్కి తిప్పాడు. నేనూ తొంగిచూశాను. సెకాం, ఫ్రాన్సువాళ్లది. మన దేశానికి రంగంటూ వస్తే జర్మనీదే వస్తుందని ఆయన నాతో వందసార్లు వాదించి ఉన్నాడు. ఇక ఉపన్యాసం తప్పదని భయమేసింది.

"సెట్టు అసలుదే, చెల్లె. హైదరాబాదుల్నే ఇంకా రంగు లేదు. పోశన్న మనకంటె ముందుగాల కొన్నడు, గంతే."

"రంగొచ్చిననాడు దీంట్ల వస్తదా?"

రాజలింగు సెట్టు మీద చెయ్యి వేశాడు. "రాకుంటె వచ్చేటట్టు చేస్త. నేనున్న గద."

భీమవ్వ కళ్లు తుడుచుకుని చాయ్ తెచ్చింది. ఇన్నేళ్లుగా ఆయన మీద పెంచుకున్న నా విసుగంతా ఆ ఒక్క మాటతో పోయింది.

కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? చాయ్ పక్కన పెట్టి జేబులోంచి సుద్దముక్క తీశాడు. సెకాం అని రాసి అంతా పాడుచేస్తాడనుకున్నాను. రాయడం అయ్యాక వంగి చదివాను.

"పోశన్న పద్ధతి" అని రాసి ఉంది.

అప్పుడు తాగాడు చాయ్.