ఒకటిని మింగిన గడి

కదిరమ్మ మొండిది. ఆ మాట ఆమె ఎదుటే అన్నాను, ఇప్పుడూ అంటాను. ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, అనంతపురంలో కంప్యూటర్ నేర్చుకుని, 1988లో రాయదుర్గం దగ్గర మా విత్తనాల గోడౌనులో చేరింది. నేను అక్కడ మూటలు కుట్టేవాణ్ణి. రైతులు వేరుశెనగ విత్తనక్కాయలు మా దగ్గర దాచుకుని, వాన పడగానే తీసుకుపోయేవాళ్లు. ఎవరివి ఎన్ని మూటలో చెప్పే ప్రోగ్రాం కదిరమ్మే రాసింది.

మూటలు కొలిచేటప్పుడు మావైపు మొదటిదాన్ని ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. తర్వాత రెండు, మూడు. శుభమని ఆ ఏడాది కంప్యూటర్ ముందు యజమాని శ్రీరంగప్పే కూర్చున్నాడు. రెండు మూటలవాళ్లకు రెండు అంకె కొట్టాడు. ఒకే మూట తెచ్చినవాళ్లకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో లాభం అని కొట్టాడు. ఏం సంబరమో ఆయనకు!

మరుసటేడు తొలకరి పడింది. మా నేలలో విత్తే పదును, ఆ తడి, ఎంతసేపు నిలుస్తుంది? అందరూ పరిగెత్తుకొచ్చారు. హనుమంతమ్మ అనే ముసలామె కూడా వచ్చింది. ఆమెకున్న చిన్న నేల చెక్కకు ఆ ఒక్క మూటే విత్తనం. తెరమీద ఆమె పేరు పక్కన సున్నా ఉంది.

“నీ మూట లేదు పోవమ్మా,” అన్నాడు శ్రీరంగప్ప.

“యాడికి పోతాదప్పా? నా చేతులతో తెచ్చినాను. ఈ పదునుకు ఇత్తకపోతే ఈ ఏడు నేనేం తినాల?”

“మిషను అబద్ధం చెప్తాదా?”

నాకు ఒళ్లు మండిపోయింది. గోడౌనులో మూటలన్నీ ఒకేలా ఉంటాయి, ఏది ఆమెదని చూపించను? కదిరమ్మ మాత్రం వచ్చి మీటల ముందు కూర్చుంది. పేరు అడిగిన చోట శ్రీరంగప్ప అని కొట్టింది. మూటలు అడిగిన గడిలో, ఆయన కొట్టినట్టే, లాభం అని కొట్టింది. తర్వాత జాబితా తెరిస్తే ఆయన పేరు పక్కన సున్నా పడి ఉంది.

“చూడన్నా, నీ మూట కూడా లేదంటాంది. అక్షరాలు కొడితే దీనికి లెక్క తెలీదు, సున్నా పెట్టుకుంటాది. తప్పు నాది. ఏం కొట్టినా మింగే గడి చేసి పెట్టినాను. ఒక్క మూటోళ్లందరూ దాంట్లో పోయినారు.”

శ్రీరంగప్ప మొహం పాలిపోయింది. హనుమంతమ్మకూ, సున్నా పడిన మిగతావాళ్లకూ తలా ఒక మూట ఎత్తించాడు. కానీ గడి మారుస్తానంటే మాత్రం ఎగిరిపడ్డాడు. “ఒకటి అని నేను కొట్టను పాపా. మా తాత కొట్టలా, మా నాయన కొట్టలా!”

“అయితే నన్ను పంపించెయ్యన్నా. ఇట్లాంటి గడి పెట్టుకోని నేనీడ కూర్చోను.”

అంది, కానీ కుర్చీ దిగలేదు! అక్షరం నొక్కితే తెరమీదికి రానివ్వకుండా కీమని అరిచేట్టు, అంకె మాత్రమే ఎక్కేట్టు, సున్నాకూ ఖాళీకీ ఒప్పుకోనట్టు ఆ గడిని మార్చింది. శ్రీరంగప్ప గొణుగుతూనే ఉన్నాడు, ఆమె వింటేగా!

కొత్త పంట వచ్చింది. వానలు సగంలోనే మొహం చాటేయడంతో హనుమంతమ్మకు ఈసారీ మిగిలింది ఒక్క మూటే. శ్రీరంగప్ప అలవాటుగా అక్షరం నొక్కాడు. కీమంది. ఇంకోటి నొక్కాడు. మళ్లీ కీమంది. “దీని నోరు పడిపోను!” అని తిట్టి కదిరమ్మ వైపు చూశాడు.

“నోటితో లాభం అనన్నా, ఎవరొద్దన్నారు? ఏలితో ఒకటి కొట్టు.”

ఆయన వేలిని ఒకటి మీట మీదికి తెచ్చాడు. తర్వాత గోడౌనంతా వినబడేలా “లాభం!” అని అరిచి, ఒకటి కొట్టాడు.

హనుమంతమ్మ మెల్లగా తెర దగ్గరికొచ్చింది. నిలువుగా ఉన్న ఆ గీత మీద వేలు పెట్టింది.

“ఇది నా మూటేనా పాపా?”

“నీదే అవ్వా.”

“ఈసారి ఉంటాదా?”

“ఉంటాది,” అంది కదిరమ్మ. ముసలామె ఆ వేలు చాలాసేపు తీయలేదు.