పసుపు కింది మచ్చ

కోర్పనా పక్క పల్లె నుంచి పట్నంలోని తుకుం పేటకు కోడలుగా వచ్చిన నాటినుంచీ కోమల పాదాలకు పసుపు లేని రోజు లేదు. పద్ధతిగల పిల్ల అని వాడకట్టంతా మెచ్చుకుంది. పద్ధతి సంగతి దేవుడెరుగు, ఆమె ఎడమ పాదం మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ ఉంది. అది కనబడితే కాపురం నిలవదని తల్లి భయపెట్టి పంపింది.

కడుపుతో ఉన్నప్పుడు షుగర్ బయటపడింది. ఇన్సులిన్ సూదులు మొదలయ్యాయి. కారణం చెప్పడానికి వాడకట్టులో అందరూ వైద్యులే. అత్త ప్రభావతి మాత్రం "శ్రీఖండ్ తినుడు ఎక్కువైంది, గంతే" అని తేల్చేసింది. కిరాణా కొట్టు నడిపే భర్త నితిన్ "కాన్పైతే గదే పోతది" అన్నాడు. కోమల కూడా అదే నమ్మింది.

పాప పుట్టాక సూదులు ఆపి మాత్రలిచ్చారు. షుగర్ పోలేదు సరికదా, కోమల ఎముకల గూడైంది. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరలేదు. అత్త ఆమెను ఆస్పత్రికి తీసుకుపోయింది.

"ఒంటిమీద తెల్లమచ్చలేమైనా ఉన్నాయా?" అని డాక్టరమ్మ మరాఠీలో అడిగింది. కోమల పాదాలు చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. రోగాలనుంచి కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కొందరిలో సొంత ఒంటి మీద పడుతుంది. కంచే చేను మేసినట్టు. చర్మానికి రంగునిచ్చే కణాలనూ, ఇన్సులిన్ తయారుచేసే కణాలనూ అదే నాశనం చేయవచ్చు. మచ్చ ఉంటే ఆ అనుమానం బలపడుతుంది, వేరే రక్తపరీక్ష చేయాలి. అదే నిజమైతే మాత్రలు చాలవు, సూది లేకుంటే ప్రాణం నిలవదు.

పక్కనే అత్త. చెబితే కాపురం, చెప్పకుంటే ప్రాణం. ఒళ్లో పాప కదిలింది. కోమల కొంగు తడిపి పాదం తుడిచింది.

ప్రభావతి మచ్చవైపు చూడనైనా లేదు. "పెళ్లిచూపులనాడే ఎర్కనే నాకు. పసుపు గంత మందం ఎవ్వలు పూస్తరు?"

కోమలకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "ఎర్కుంటే ఒక్క మాట అనకపోతివా అత్తమ్మా?"

"నువ్వు దాసుకుంటుంటే నేనెట్ల అడగాలె బిడ్డా?"

పరీక్షలో డాక్టరమ్మ అనుకున్నదే తేలింది. సూదులు మళ్లీ వచ్చాయి, ఈసారి జీవితాంతానికి. కోమల కోలుకుంది. ఇప్పుడు పసుపు పండుగలకే.

పాపకు నీళ్లు పోసిన ప్రతిసారీ ప్రభావతి ఆ చిన్ని పాదాలు తిప్పి తిప్పి చూస్తుంది. చూసి, వంటింట్లో ఉన్న కోడలికి వినబడేలా అంటుంది: "ఏం లేదే కోమలా!"