నూకరాజు చేతిలో తప్పు లేదు

నూకరాజు బతికుండగా నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. చెప్పలేదు. అతను పోయాడని ఫోన్ వచ్చినప్పుడు ఏడుపు రాలేదు. ఆ మాటే గుర్తొచ్చింది.

తెరచాప కట్టి సముద్రం మీద నడిపే విండ్‌సర్ఫింగ్ బోర్డు అడుగున చేప రెక్కలా నిలబడి, బోర్డు పక్కకు జారిపోకుండా పట్టేదే ఫిన్ను. పూర్ణా మార్కెట్ వెనక షెడ్డులో వాటిని ఇద్దరం చేసేవాళ్ళం. గాజు పోగులతో నేసిన గుడ్డ పొరల్ని ఎపాక్సీ జిగురుతో తడిపి, ఒకదానిమీద ఒకటి పరిచి, బరువు పెట్టి గట్టి పలక చెయ్యడం నా పని. దాన్ని కోసి, నడుమ మందంగా, అంచులకు పల్చగా అరగదియ్యడం నూకరాజుది.

అరగదీస్తుంటే ఆ పొరలు కొండ చుట్టూ దారుల్లా గీతలుగా బయటపడతాయి. రెండువైపులా గీతలు ఒకేలా ఉంటేనే ఫిన్ను తిన్నగా పోతుంది. నూకరాజు తడిగుడ్డతో తుడిచి, వాటినే చూసుకుంటూ పని చేసేవాడు. గొప్పలకు మాత్రం లోటు లేదు.

"సింహాచలం అప్పన్నకి గంధం ఒలిసినట్టు ఒలిసేను, సూడు బావా."

"ముందు నీ ముక్కుమీద దుమ్ము ఒలుసుకో" అనేవాణ్ణి.

పలక మెలితిరగకుండా కొన్ని పొరల్ని ఏటవాలుగా వెయ్యాలి. అలా కోస్తే గుడ్డ చాలా వృథా. ఒకసారి రుషికొండలో పోటీకి వెళ్ళే ఫిన్నుకు గుడ్డ చాలక, అన్నీ ఒకేవైపు వేసేశాను. నూకరాజుకు చెప్పలేదు. పోటీ మధ్యలో అది మెలితిరిగి విరిగింది. ఆ పోటీకి కుర్రాళ్ళను తయారుచేసిన కోచ్ షెడ్డుకొచ్చి ముక్కలు బల్లమీద పడేసి, పల్చగా గీకేశాడని మార్కెట్ జనం అందరి ముందూ నూకరాజును తిట్టాడు.

ఆయన వెళ్ళాక నూకరాజు నన్నడిగాడు. "బావా, నానే ఎక్కువ గీకీసేనేటి?"

"అయ్యుంటాది" అన్నాను.

నూకరాజు మళ్ళీ ఫిన్ను ముట్టలేదు. హార్బర్లో ఫైబర్ పడవలకు అతుకులు వేస్తూ బతికాడు. ఎప్పుడైనా టీ కొట్టు దగ్గర నేను రమ్మంటే, "నా సెయ్యి మంచిది కాదు బావా, ఒగ్గీ" అనేవాడు. అంత గొప్పలు పోయిన మనిషి. అలాంటి చెయ్యి నాకు మళ్ళీ దొరకలేదు. ఇక దొరకదు.

నిన్న పెద్దకర్మకు కోచ్ కూడా వచ్చాడు. భోజనాల దగ్గర నూకరాజు భార్య చిలకమ్మ నా పక్కన కూర్చుంది.

"జొరంలో కూడా మీ బావ మంచం పట్టీమీద సెయ్యి ఆడించీవోడు అన్నయ్యా. ఎక్కడ ఎక్కువ గీకీసేనో తెలీలేదే అనీవోడు."

విస్తరి ముందునుంచి లేచాను. కోచ్‌ను పిలిచి, ఆయన వింటుండగా ఆమెతో చెప్పాను.

"ఆడు సక్కగానే గీకేడు చెల్లెమ్మా. గుడ్డ నాను తప్పుగా ఏసేను. ఆడు అడిగితే అబద్ధం సెప్పేను. తప్పయిపోయింది."