నిద్రగన్నేరు మొద్దుకు మొలిచినవి

ఈ సంగతి ఇంతకుముందే రాయాల్సింది. జబ్బు చేసిన నాటికి నేను వేలిముద్ర వేసేదాన్ని. ఆ తర్వాతే, యాభై దాటాక, వయోజన కేంద్రంలో అక్షరాలు దిద్దాను. అనుకున్నది వాక్యంగా రావడానికి ఇంతకాలం పట్టింది.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. ఇంటి వెనక పాకలో వరిగడ్డి సంచుల్లో ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచి అమ్ముతాను. ఆ రోజు వాన వెలిశాక మిరప చేను గట్టున, కొట్టేసిన నిద్రగన్నేరు మొద్దుకు అవే గుత్తులు కనిపించాయి. అదే చిప్ప ఆకారం, ఒకదాని మీద ఒకటి. అడుగున గీతలు మాత్రం నారింజ రంగులో ఉన్నాయి. మా పాకలో కోత ఆలస్యమైతే తెల్లవి పసుపెక్కుతాయి. ఇవీ అలాగే ముదిరాయనుకుని కూరకు కోసుకొచ్చాను. పెంచేదాన్ని కాబట్టే అలా అనుకున్నాను. ఎన్నడూ చూడనిదాన్నయితే భయపడేదాన్నేమో.

విషముంటే వెండి నల్లబడుతుందని, మా తోడికోడలు ఖాసింబీ అలవాటు ప్రకారం ఉడికే కూరలో వెండి ఉంగరం వేసింది.

"నల్లబడలేదక్కా! నేలకు పుట్టిందే విషం, చెట్టుకు పుట్టింది కాదని మా అమ్మ చెప్పేది" అంది.

"ఆ జిగురు మీరే తినండి" అని మా ఆయన పచ్చడి కలుపుకున్నాడు. ఖాసింబీ రుచి చూసి, పులుపు చాల్లేదని వదిలేసింది. నేను కడుపునిండా తిన్నాను.

పొద్దు గూకకముందే వాంతులు, తర్వాత విరేచనాలు. ఖాసింబీకి ఒక్క వాంతితో సరిపోయింది. నాకు కాళ్లు కొంకర్లు పోయి కళ్లు బైర్లు కమ్మాయి. ఆటోలో గుంటూరు తీసుకెళ్లారు.

"ఏం తిన్నారు? పచ్చివి ఏమైనా మిగిలాయా?" అంది డాక్టరమ్మ. దిబ్బలో పారేశానన్నాడు మా ఆయన.

"తెచ్చుంటే బాగుండేదండీ. తిన్న కాసేపటికే వాంతులైతే కొంత నయం. కొన్ని రకాలు ఆలస్యంగా లివర్ని దెబ్బతీస్తాయి. ఏదో తెలీదు కాబట్టి అన్నీ చూడాలి."

సెలైన్లు ఎక్కించారు. ఇద్దరికీ లివర్‌కు ఎల్‌ఎఫ్‌టీ, కిడ్నీలకు క్రియాటినిన్ పరీక్షలు చేశారు.

వాంతులు ఆగాయి, ఇక ఇంటికే అనుకున్నాను. కానీ మూత్రం తగ్గిపోయింది. నా క్రియాటినిన్ పెరిగింది. "ఒంట్లో నీళ్లు పోయి కిడ్నీలు దెబ్బతిన్నాయి. రేపటికి దారికి రాకపోతే డయాలసిస్ చేయాలి" అంది డాక్టరమ్మ.

ఖాసింబీ మంచం పక్కన ఏడుస్తుంటే, "ఏడవకే, ఆ నీళ్లు కూడా నాకే ఎక్కిస్తారు" అన్నాను. నవ్వింది. నాకు మాత్రం ఇక లేవనేమో అనిపించింది.

మర్నాడు మూత్రం సంచి నిండింది. సిస్టర్ దాన్ని ఎత్తి చూపి, "అమ్మా, ఇదిగో మీ డిశ్చార్జి కాగితం" అంది. డయాలసిస్ తప్పింది.

ఇప్పుడు బాగున్నాను. అప్పుడప్పుడూ కిడ్నీ పరీక్ష చేయించుకుంటాను. పాకలో పుట్టగొడుగుల సంచులు మానలేదు. విత్తనం కొని నేను వేసినవే తింటాను. ఆకారాన్నీ, వెండినీ, చెట్టునీ నమ్మను. మీకు చెప్పేది ఒకటే. బయట మొలిచినవి తిని వాంతులైతే, తగ్గుతాయిలే అని ఆగకండి. మిగిలిన పచ్చి ముక్క కాగితంలో చుట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇంటికొచ్చిన మరునాటి ఉదయం ఖాసింబీ భుజం పట్టుకుని ఆ గట్టుకు వెళ్లాను. మొద్దుకు మళ్లీ మొలిచాయి. సగం అప్పటికే మిరపనారు నాటడానికొచ్చిన ఒక కూలీ ఒడిలో ఉన్నాయి.

"పారెయ్ తల్లీ, నన్ను చంపబోయింది అవే" అన్నాను.

"మీకు పడనంత మాత్రాన మాకూ పడవా ఏందమ్మా? వెండేసి చూసుకుంటాంలే."

"నేనూ వేశానే" అంది ఖాసింబీ. "ఉంగరం తెల్లగానే ఉంది. మా అక్కే నల్లబడింది."

సూదులకు కమిలిన నా చేతిని ఆమె ముందు పెట్టాను. కాసేపు చూసి, ఒడి దులిపేసింది. ఖాసింబీ పారతో గుంట తీసింది. మొద్దుకున్నవన్నీ పీకి అందులో వేసి, నేను మట్టి కప్పాను.