మీటరు వెనక చెయ్యి

మాదాపూర్ గుట్టలను పగలగొట్టి రోడ్డు వెడల్పు చేస్తున్న రోజుల్లో, ఆ రోడ్డంచున ఒక రేకుల డబ్బా పెట్టుకొని పోచయ్య కార్లకు వైరింగు పని చేసేవాడు. హారన్లు, హెడ్‌లైట్లు, సెల్ఫులు, ఏవైనా విప్పి బాగుచేసేవాడు. డాష్‌బోర్డు పని వస్తే మాత్రం ఏదో సాకు చెప్పి పంపేసేవాడు.

ఎందుకో అతని భార్య బాలమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. పెళ్లికి ముందు పోచయ్య పాలమూరు వైపు బావులు తవ్వే గుంపులో ఉండేవాడు. ఒకనాడు బావి ఒడ్డు విరిగి అతని మీద పడింది. మెడ దాకా కూరుకుపోయి, కదిలితే ఇంకాస్త మట్టి జారుతుందన్న భయంతో, పైవాళ్లు తవ్వి తీసేదాకా దగ్గు కూడా బిగబట్టుకున్నాడు. ప్రాణం దక్కింది. ఇక ఆ పని జోలికి పోకుండా పట్నం వచ్చి, ఆరుబయట చేసుకునే పని కదా అని వైరింగు నేర్చుకున్నాడు. తీరా నేర్చుకున్నాక తెలిసింది, కారులో సగం తీగలు డాష్‌బోర్డు వెనకే ఉంటాయని. స్టీరింగు కింద వెల్లకిలా తల దూర్చాడంటే ఊపిరి అందదు. వేరే పని చేతకాదు. మింగలేడు, కక్కలేడు.

ఒక మధ్యాహ్నం పద్మావతి అనే ఆవిడ తన పాత తెల్ల కారు తెచ్చి ఆపింది. బాచుపల్లిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతుందట.

"డాష్‌బోర్డు లైట్లు సరిగా వెలగడం లేదండి. చీకటి పడితే స్పీడెంతో, పెట్రోలెంతో కనపడి చావదు. బల్బులు మార్పించాను, ఫ్యూజూ మార్పించాను. అయినా అంతే."

"మూసాపేటకు కొండవోండ్రి మేడం. ఆడ మంచిగ చేస్తరు."

"అక్కణ్నుంచే వస్తున్నానండి. వాళ్లు మీ పేరే చెప్పారు!"

పోచయ్య గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తప్పక సీట్లో కూర్చున్నాడు. ఎండకు లైట్లు తెలియక, ముందు అద్దం మీద, పక్క కిటికీల మీద గోనెసంచులు కప్పించాడు. స్విచ్చు వేస్తే మీటరు లైట్లు ఆరిపోయే నిప్పుల్లా మినుకుమన్నాయి. ఇండికేటరు వేస్తే దానితో పాటు అన్నీ కలిసి కొట్టుకున్నాయి. సంగతి అర్థమైంది. బల్బులకు కరెంటు బాగానే వస్తోంది, తిరిగి పోయే దారి తెగింది. మీటరు వెనక కారు ఇనుముకు బిగించే నల్లతీగ, అంటే ఎర్తు, ఎక్కడో వదులైంది. అది చూడాలంటే లోపలికి పోవాల్సిందే.

బ్యాటరీ తీగ తప్పించి, కాళ్లు తలుపు బయట పెట్టి, స్టీరింగు కింద పడుకున్నాడు. కళ్లు మూసుకొని చెయ్యి మీటరు వెనక్కి జొనిపాడు. వేళ్లకు ఇంకా ఏదీ తగలకముందే గుట్ట మీద బండలు పగలగొట్టే తూటాలు పేలాయి. కారు అదిరింది. డాష్‌బోర్డు లోపల ఏళ్లుగా పేరుకున్న దుమ్మంతా జలజలా అతని ముఖం మీద రాలింది.

పోచయ్యకు అది కారని గుర్తు లేదు. చెయ్యి వెనక్కి లాగాడు, రాలేదు. గడియారం పట్టీ ఏదో రేకుకు తగులుకుంది. ఎంత లాగితే అంత బిగిసింది. దగ్గు వచ్చినా దగ్గలేదు, అరవలేదు. కాళ్లు మాత్రం గాల్లో కొట్టుకున్నాయి.

"అయ్యో, ఏమైందండీ?" అని పద్మావతి కంగారు పడింది.

అన్నం గిన్నె తెచ్చిన బాలమ్మ ఆ కాళ్లను చూసి గిన్నె కింద పడేసింది. అవతలి తలుపు తీసి లోపలికి పాకింది.

"నేనే, బాలమ్మను. దగ్గు, ఏం కాదు. ఇది మన్ను గాదు, దుమ్మే."

అతను దగ్గాడు. ఆమె సన్నటి చెయ్యి అతని చేతి వెంటే పైకి పోయి, వేళ్లతో తడిమి, పట్టీ ఊడదీసింది. పోచయ్య బయట పడి నేల మీద కూలబడ్డాడు. పద్మావతి మంచినీళ్లు అందిస్తే తాగలేక ముఖాన పోసుకున్నాడు.

లోపలి నుంచి బాలమ్మ గొంతు వినపడింది. "ఈడ నల్లతీగ ఒకటి ఊగుతున్నదయ్యా."

"బయటికి రా ముందుగల."

"వస్త గని, దీన్నేం జెయ్యాల్నో చెప్పు."

పోచయ్య కూలబడ్డ చోటు నుంచే చెప్పాడు. తుప్పు గీకమన్నాడు, స్క్రూ బిగించమన్నాడు. ఆమె చాలాసేపు తంటాలు పడింది. బ్యాటరీ తీగ కలిపి స్విచ్చు వేస్తే మీటరంతా పచ్చగా వెలిగింది. పద్మావతి సంతోషంగా చప్పట్లు కొట్టింది. పోచయ్యకు మాత్రం తలెత్తబుద్ధి కాలేదు.

ఆ రోజు నుంచి డాష్‌బోర్డు పనులు బాలమ్మ చేతికి వెళ్లాయి. ఆడమనిషి స్టీరింగు కింద దూరడమేంటని కొందరు బండి తిప్పుకొని పోయారు. "పోనీ, ఫికర్ లేదు" అనేది ఆమె. తీగల రంగులు, దారులు అతను బయట నిలబడి చెబితే, ఆమె లోపల పని చేసేది. తొందరగానే నేర్చుకుంది. తర్వాత చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది.

అయినా పోచయ్య తలుపు దగ్గర నుంచి కదిలేవాడు కాదు. లోపల ఉన్నది ఆమె అయినా ఊపిరాడనిది అతనికే. బయటికి కనిపించే ఆమె పాదాల వైపే చూస్తూ, కాసేపటికోసారి వంగి అడిగేవాడు.

"ఉన్నవా?"

"యాడికి పోత? ఉన్న" అనేది బాలమ్మ.

మళ్లీ కాసేపటికి అడిగేవాడు.