పోటు నీళ్ల కింద గడ్డి

ఆ ఉపగ్రహ చిత్రం నిండు పోటు వేళ తీసిందని సమావేశానికి ముందే నాకు తెలుసు. చెప్పలేదు. మరిచిపోయి ఉంటాడని ఆఫీసులో కొందరు ఇప్పటికీ నన్ను వెనకేసుకొస్తారు. మరిచిపోలేదు. నాతో పనిచేసే ఒకామె మీద కోపంతో నోరు మూసుకున్నాను.

ఏ.ఎస్. రావు నగర్‌లో దుకాణాల పై అంతస్తులో మా పటాల ఆఫీసు. నది సముద్రంలో కలిసే చోట నీటి అడుగున సముద్రపు గడ్డి పెరుగుతుంది. చేపపిల్లలకూ రొయ్యపిల్లలకూ అదే ఇల్లు. అది ఎక్కడుందో పటం గీసి, పెరిగిందో తరిగిందో ఏటా చూడాలి. ఉపగ్రహ చిత్రాలు చూసి గీయడం నా పని. పడవలో తిరిగి, కెమెరా నీటిలోకి దించి, గడ్డి కనిపించిన చోటల్లా గుర్తు పెట్టుకొని రావడం నేను కోపం పెంచుకున్న ఆమె పని. ఆమెది కోస్తా, పెళ్లయ్యాక లాలాగూడకు వచ్చింది.

మాకు మొదటి నుంచీ పడదు. ఆమె గుర్తులు పెట్టిన చోట నా చిత్రంలో ఉత్త బురదనీళ్లు కనిపించాయి. గుర్తులే పక్కకు జరిగాయన్నాను. ఆమె టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "మీరెప్పుడైనా ఆ నీళ్లలో కాలు పెట్టారా సార్? ట్యాంక్‌బండ్ మీద నిలబడి సముద్రం చూశానంటే ఎలాగండీ?" అంది. అందరూ నవ్వారు.

"పడవల తల తిరిగి ఏడనో చుక్కలు పెట్టుకొచ్చిన్రు మేడం. గిప్పుడు నన్నంటే ఎట్ల?" అన్నాను.

ఆ సాయంత్రం, ఆమెదే తప్పని తేల్చడానికి, అక్కడి ఆటుపోట్ల వేళలు తీసి చూశాను. మబ్బు లేని చిత్రం దొరికితే మాకు పండగే. పొలాలకూ చెరువులకూ అది చాలు. సముద్రం దగ్గర నీరు కూడా దిగి ఉండాలని నాకు తట్టలేదు. నేను ఎంచుకున్న రోజు గడ్డి మీద నిలువెత్తు బురదనీరు ఉంది.

మర్నాడు సమావేశంలో, ఎవరిది సరి అని పెద్దసారు అడిగితే, చిత్రం స్పష్టంగా ఉందన్నాను. నిజమే, ఆకాశం స్పష్టంగా ఉంది. ఆమె గుర్తులన్నీ తీసేశారు. పడవ పని నుంచి తప్పించి, పటాల మీద ఊళ్ల పేర్లు పెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నేను అటు వెళ్తే ఆమె కుర్చీ తిప్పుకునేది. నాకది కసి తీరినట్టు, హాయిగానే ఉండేది.

మరుసటి ఏడు నీరు దిగిన వేళ తీసిన చిత్రం తెప్పించాను. ఆమె చెప్పిన చోటే గడ్డి, పరిచినట్టు. పాత పటంలో లేదు కనుక అదంతా ఒక్క ఏడాదిలో పెరిగిన గడ్డి అయి కూర్చుంది. పెద్దసారు సంబరపడి, అందరినీ పిలిచి పటం చూపించి నన్ను మెచ్చుకున్నాడు. వెనక వరసలోంచి ఆమె, "రాత్రికి రాత్రే మొలిచిందా సార్?" అని నన్నే అడిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

గడ్డి కిందటేడు కూడా ఉందని, నేను పోటు నీళ్ల చిత్రం తీసుకున్నానని, తెలిసీ చెప్పలేదని పెద్దసారుకు చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. ఆమె వైపు తిరిగాను. ఆ కళ్లలో కోపం ఏమాత్రం తగ్గలేదు.

"మీ చుక్కలు సరిగ్గనే ఉండె మేడం. మీ పేరు నేనే ఖరాబ్ చేసిన, తెలిసే చేసిన. తప్పు నాది. మాఫ్ చెయ్యున్రి."