సరోజకు జవాబు చెప్పిన టీచరుగారు

మా కరుణకుమారి టీచరుగారు ఇక లేరు. గురువారం ఉదయం బందరులో నేను నర్సు డ్యూటీకి బయలుదేరుతుండగా అమ్మ ఫోన్ చేసి, "టీచరుగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారే. రాత్రి నిద్రలోనే" అంది. ఎంతసేపటికీ మనసు ఆ మాటను ఒప్పుకోలేదు. మొన్న ఊరెళ్ళినప్పుడే కదా, చిక్కిపోయావని నన్ను చీవాట్లు పెట్టారు! కృత్తివెన్ను దాటాక రొయ్యల చెరువుల మధ్య ఉన్న మా చిన్న ఊరికి ఆమె ఎంతటి పెన్నిధో బయటివారికి తెలియదు. తెలియాలనే ఈ నాలుగు మాటలు.

ఆమె హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ప్రత్యుత్పత్తి పాఠం రాగానే "ఇది ఇంట్లో చదువుకోండి" అని పేజీలు తిప్పేయడం మన బళ్ళల్లో ఆనవాయితీ. ఆమె మాత్రం ఆ పాఠానికి ఒక పిరియడ్ ఎక్కువే తీసుకునేవారు. "ఇంట్లో చెప్పరు, బళ్ళో చెప్పరు. ఇంకెవరు చెబుతారు, సెల్‌ఫోనా?" అనేవారు. గంజి పెట్టిన నూలు చీర, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, అబద్ధానికి ఏనాడూ చోటివ్వని నోరు. అంత నిష్కపటమైన వాత్సల్యాన్ని నేను మరొకరిలో చూడలేదు.

శనివారం సాయంత్రమైతే ఆమె ఇంటి అరుగు ఆడపిల్లలతో నిండిపోయేది. ఆదివారం ఆరాధన తర్వాత భోజనంలోకి రొయ్యల కూర ఉండాల్సిందే కనుక, ఎవరింటి రొయ్యలు వాళ్ళు గిన్నెలతో తెచ్చుకుని అక్కడ కూర్చుని ఒలిచేవాళ్ళం. తల తుంచి, పొట్టు తీసి, వీపున నల్లటి నరం లాగుతూ ఉంటే ఎవరి కళ్ళు వాళ్ళ గిన్నెలోనే ఉంటాయి. టీచరుగారికి కావలసిందీ అదే. "చేతికి పని చెబితే నోటికి సిగ్గు పోతుంది" అన్నది ఆమె సూక్తి. అడిగేవాళ్ళ ముఖం ఆమె చూసేవారు కాదు.

ఒకసారి ఒక పిల్ల, "నాకు కాదండీ, మా ఫ్రెండుకి..." అని నసిగింది.

"ఆ ఫ్రెండు పేరేంటమ్మా?"

పిల్ల తల ఇంకా గిన్నెలోకి వంచేసింది. "సరేలే, సరోజ అనుకుందాం. ఏమంటోందమ్మా మన సరోజ?" అన్నారు టీచరుగారు.

అంతే, మా ఊళ్ళో లేని సరోజ ఆ రోజు పుట్టింది. ఆపైన సందేహాలన్నీ సరోజవే.

"సరోజకి నెలసరి ఒక నెల వచ్చి ఒక నెల రావట్లేదంటండి."

"కొత్తలో ఒకటి రెండేళ్ళు అలా అటూ ఇటూ అవుతుందిలే. మూడు నెలలు వరసగా రాకపోతే మాత్రం డాక్టరుకి చూపించమను."

"ఒక్కసారికే కడుపు రాదంటారు, నిజమేనాండీ?"

"శుద్ధ అబద్ధం. ఒక్కసారి చాలు."

"బావ వరసైనవాడు చెయ్యి వేస్తే ఏమనాలండీ?"

"వరస ఏదైతేనేం? సరోజకి ఇష్టం లేకపోతే వద్దనాలి. వినకపోతే వచ్చి నాకు చెప్పాలి. తప్పు వాడిది, సరోజది కాదు."

మగపిల్లలకు మాత్రం ఈ జ్ఞానం అక్కర్లేదా అని ఆమెకే తోచి, సరోజకు ఒక అన్నయ్యను కూడా సృష్టించారు. చెల్లెలి తర్వాత పుట్టిన అన్నయ్య లోకంలో వాడొక్కడే. మగపిల్లలు ఆదివారం మధ్యాహ్నం ఆమె పెరట్లో మొక్కలకు నీళ్ళు తోడుతూ వాడి సందేహాలు అడిగేవాళ్ళు.

ఈ సంగతి ఎలాగో సంఘపెద్ద దానియేలు గారి చెవిన పడింది. ఆయన నలుగురిని వెంటేసుకుని వచ్చి, "ఎవరండీ ఆ సరోజ? ఏ ఇంటి పిల్ల? అలాంటిది ఊళ్ళో ఉంటే మన పిల్లలు చెడిపోరా?" అని నిలదీశారు. అప్పటికే రెండు వీధులు వెతికి వచ్చారట పాపం.

టీచరుగారు రొయ్య ఒలుస్తూనే, "సరోజ అందరిళ్ళలోనూ ఉందండీ. మీ ఇంట్లో అయితే ఇద్దరున్నారు" అన్నారు.

దానియేలు గారికి ఇద్దరు మనవరాళ్ళు. ఆయన కండువా సర్దుకుని వెళ్ళిపోయారు. మరుసటి శనివారం ఆ పిల్లలిద్దరి చేతా రెండు గిన్నెల వనామీ రకం రొయ్యలు పంపారు.

ఇక నా సంగతి. అప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. క్రిస్మస్ కేరల్స్‌కి ఇల్లిల్లూ తిరిగిన రోజుల్లో ఒక అబ్బాయి నన్ను ముద్దు పెట్టుకున్నాడు. నాకూ ఇష్టమే. ఆ తర్వాత రెండు నెలలు నెలసరి రాలేదు. ముద్దుకే ఇదంతా అనుకున్నాను. నాన్నకు తెలిస్తే చదువు మానిపించి ఎవరికో కట్టబెట్టేస్తాడని తిండి మానేశాను. ఒక శనివారం ఎలాగో నోరు పెగిల్చుకుని, "టీచరుగారండీ, ముద్దు పెట్టుకుంటే కడుపొస్తుందాండీ, సరోజ అడగమంది" అన్నాను. నా చేతులు ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు.

ఆమె తల ఎత్తలేదు. "ముద్దుకి రాదమ్మా. అంతకు మించి జరిగి ఉంటే మాత్రం పరీక్ష చేయించాలి. రెండింట్లో ఏదైనా సరోజకి నా దగ్గర తిట్లు లేవు. సోమవారం పొద్దున్నే బందరు బస్సు దగ్గరికి రమ్మను."

వెళ్ళాను. బస్సులో నాకు జామకాయ కోసి పెడుతూ, "అడిగిన పిల్ల గురించి నాకు బెంగ లేదే. అడగనివాళ్ళ గురించే నాకు నిద్ర పట్టదు" అన్నారు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, గర్భం కాదు, రక్తం తక్కువగా ఉందంది. మా ఇంట్లో టీచరుగారు చెప్పిందీ అంతే: ఐరన్ మాత్రలు వేయించండి, ఆకుకూరలు పెట్టండి అని. ఆ ముద్దు మాట ఆమె నోట ఏనాడూ రాలేదు. నేను నర్సునైంది ఆ బస్సు ప్రయాణం వల్లే.

శుక్రవారం భూస్థాపనకు ఊరు ఊరంతా వచ్చింది. చంటిపిల్లల తల్లులు, కాలేజీ పిల్లలు, మీసాలొచ్చిన సరోజ అన్నయ్యలు. దానియేలు గారు ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలోనే కూలబడిపోయారు. అంతటి కరుణామయిని మళ్ళీ ఎక్కడినుంచి తెచ్చుకుంటాం? ఆమెకు నిద్ర పట్టనివ్వని ఆ అడగనివాళ్ళు ఇక ఎవరి గడప తొక్కుతారు? సమాధి మీద మట్టి వేస్తున్నంతసేపూ నన్ను ఇదే దహించింది.

మర్నాడు శనివారం. ఊరికి వీడ్కోలు చెప్పి బస్సెక్కుదామని ఆ ఇంటి మీదుగా వస్తుంటే, పిల్లలు అలవాటు కొద్దీ అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఒడిలో రొయ్యల గిన్నెలున్నాయి. మధ్యలో ఆమె పీట ఖాళీగా ఉంది. ఆ పీట మీద కూర్చునే అర్హత నాకు ఈ జన్మలో రాదు. దాని పక్కన నేల మీద కూర్చున్నాను. కాసేపటికి దానియేలు గారి చిన్న మనవరాలు, తల వంచుకునే, "అక్కా, సరోజకి ఒక సందేహం ఉందంటండి" అంది.

బ్యాగు కింద పెట్టి, గిన్నెలోంచి ఒక రొయ్య తీసుకున్నాను. ఆ పిల్ల ముఖం చూడకుండా అడిగాను.

"ఏమంటోందమ్మా మన సరోజ?"